రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు : రాగిరేకుల పాట

అనంతపురము జిల్లా కల్యాణదుర్గపు ప్రాంతమున, నేటి కంబదూరు మండలములో, రాళ్ళపల్లి యను చిన్న గ్రామము గలదు. జిల్లా మొత్తమునకు సాలుకు సగటున కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు. అదియు ఒక్కొక యేడు కార్తెలన్నియు దాటిపోయినను కనబడదు. కొఱ్ఱ, సజ్జ, ఉలవ పండిన యేడు తిండి, పండని యేడు వలస. అట్టి యూర 1893 జనవరి 23వ తేదీన కర్ణమడకల కృష్ణమాచార్యులు, అలమేలుమంగమ్మ యను దంపతులకు అనంతకృష్ణశర్మగారు జన్మించిరి. ఇంటిపేరు కర్ణమడకలయైనను లోకము ఆయనను ఊరిపేరుతోనే పిలిచినది. ఊరికి కీర్తి తెచ్చినవారు పలువురుందురు. ఊరిపేరునే తన పేరుగా ధరించి మైసూరు, మదరాసు, తిరుపతి పండితసభలలో వినిపించినవారు అరుదు.

తండ్రి కృష్ణమాచార్యులు పండితుడు. కుమారునికి సంస్కృతాంధ్రములలో తొలిపాఠములు ఆయనయే చెప్పిరి. సంగీతసంస్కారము తల్లివలన కలిగినది. ఆ తల్లి పేరు అలమేలుమంగమ్మ యగుట ఇచ్చట గమనింపదగినది. ఏ కవి తన శృంగారసంకీర్తనలను అలమేలుమంగకును శ్రీనివాసునకును సమర్పించెనో, ఆ కవి పాటలకు మరల గొంతునిచ్చు భాగ్యము ఈ యలమేలుమంగమ్మ కుమారునకు ముదిమిలో పట్టినది. అది పిదప చెప్పబడును.

ఆ కాలమున మన పల్లెలలో పాట రెండు త్రోవల నడచుచుండెను. తిరుగలి కడ, రోటి కడ స్త్రీలు పాడు పాటలు, పెండ్లిలో నలుగుపాట, బిడ్డకు జోల, పౌర్ణమినాటి కోలాటము, చెక్కభజన, పండరిభజన, రాత్రి తెల్లవార్లు సాగు తోలుబొమ్మలాట, వీథినాటకము ఒక త్రోవ. వీనిని నేర్పు గురువు లేడు, నేర్వనివాడును లేడు. సంస్థానములలో, సభలలో, స్వరము జతి లెక్కించి శాస్త్రము తెలిసి పాడు గానము రెండవ త్రోవ. పూర్వులు దీనిని మార్గమనియు, దానిని దేశియనియు పేర్లుపెట్టిరి. మొదటివానికి రెండవది గొప్పది, తనకు అందనిది. రెండవవానికి మొదటిది మోటు. ఈ యెడము పుట్టుకతో వచ్చినది కాదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మున్నగు జనుల పాటలను పేరుపేరున గౌరవముతో చెప్పియున్నాడు. రాగములలోను పుట్టుపూర్వోత్తరములు విచారించినచో ఇదే కథ. సభలలో గంభీరముగ పాడు యదుకులకాంభోజికి ఎఱుకల కాంభోజియను పేరు గలదు. పున్నాగవరాళి పాములవాని నాగస్వరమునకు చుట్టము. నీలాంబరియు నవరోజును తల్లుల జోలపాటలలో నేటికిని వినబడుచున్నవి. ఒకే యింటివారు కాలక్రమమున వేరుకాపురములు పెట్టి, పిదప ఒకరినొకరు గుర్తుపట్టనట్లు నడచుకొనిరని చెప్పవచ్చును.

శర్మగారు పండ్రెండేండ్ల ప్రాయమున, 1905లో, మైసూరు చేరిరి. అచ్చట పరకాలమఠాధిపతులు శ్రీకృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వాములవారు. అలంకారమణిహారమను మహాగ్రంథమును రచించిన పండితయతీశ్వరులు వారు. వారి సన్నిధిని శర్మగారు సంస్కృతసాహిత్యము నభ్యసించిరి. ఆ పట్టణముననే కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆచార్యపదవిలో నుండిరి. వారి పరిచయము శర్మగారి చూపును మార్చినది. మఠములో నేర్చినది శాస్త్రము. రెడ్డిగారి సాంగత్యమున నేర్చినది ఆ శాస్త్రమును ప్రశ్నించు తెఱగు. 1912లో, ఇంకను ఇరువదియేండ్లు నిండకమునుపే, శర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులైరి. 1949 వఱకు ఆ కొలువున నుండిరి.

నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఏలుబడిలో మైసూరు సంగీతమునకు పెట్టినపేరు. వీణ శేషణ్ణ వంటి వైణికులు అచ్చటివారే. శర్మగారు కరిగిరిరావుగారి కడను, పిదప బిడారం కృష్ణప్పగారి కడను గానము నభ్యసించిరి. కృష్ణప్పగారి (1866–1931) విషయము కొంత విప్పి చెప్పవలసియున్నది. ఆయన సంస్థాన విద్వాంసుడు. వాయులీన విద్వాంసుడు చౌడయ్యగారికిని గురువు. అంతటివాడు, వీథులలో దాసులు తంబూర మీటుచు, చిటికెలు వాయించుచు పాడుకొను దేవరనామములను పండితసభకు తెచ్చి కచేరీలో పాడి మెప్పించెను. పురందరదాసు పదము బిచ్చమెత్తువాని నోట ఉన్నంత కాలము పాటకుఱుచ, విద్వాంసుని నోట పడగానే ఘనమాయెనని కొందఱు ఎత్తిపొడువవచ్చును. కాని పదము మారలేదు. విను చెవి మారినది. కన్నడమున గురువు చేసినదానిని తెలుగున శిష్యుడు చేయుటకు ఇంకను ముప్పదియేండ్లు పట్టినది. ఆ పాటలు అప్పటికి చీకటిలో నుండెను.

ఈ నడుమకాలమున శర్మగారు చేసిన సాహిత్యకృషి పెద్దది. తారాదేవి, మీరాబాయి అను కావ్యములు తొలిప్రాయపువి. పెనుగొండను గూర్చి ఆయన రచించిన పాట రాయలసీమ బడిపిల్లలు తరతరములు వల్లించినది. శిథిలమైన కోటను చూచి కన్నీరు పెట్టిన పాటలు వేయియున్నను, అది నిలుచుటకు కారణము దాని నడక. చదువుటకు గాక పాడుటకు పుట్టిన నడక. పిదప హాలుని గాథాసప్తశతి సారమును ప్రాకృతమునుండి తెనుగు చేసిరి. ఆ గాథలలో రాజులు లేరు. పొలము కాపు, అతని యిల్లాలు, బాటసారి, వేటగాడు, వానకై చూచు పల్లె ఉన్నవి. 1928లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పక్షమున వేమననుగూర్చి ఉపన్యాసములొసంగిరి. కదిరి చేరువ కటారుపల్లెలో సమాధి గల ఆ యోగిని పండితులు కవిగా నంగీకరింప వెనుదీయు దినములవి. ఆటవెలది చెప్పినవాడు కవియా యని ప్రబంధములు చదివినవారడుగుచుండిరి. ప్రబంధములు వారికన్న నెక్కువ చదివిన శర్మగారు, వేమనలోని మంచిని మంచిగాను, కొఱతను కొఱతగాను తూచి, జనులు మూడు శతాబ్దములు నోట నిలుపుకొన్న దానిని పండితుడు ఊరక త్రోసివేయరాదని నిరూపించిరి. సారస్వతాలోకము, నాటకోపన్యాసములు అను గ్రంథములలోను ఈ తూనికయే కనబడును. గాథలు, వేమన, పెనుగొండ పాట, తరువాత అన్నమాచార్యులు: మఠములో పెరిగిన సంస్కృతపండితుడు జీవితమంతయు దేశివాణి వైపే మొగము పెట్టి నడచెననుటకు ఇంతకన్న ఋజువక్కఱలేదు.

ఇక రాగిరేకుల కథ. తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వఱకు జీవించిన మహాపురుషుడు. ముప్పదిరెండువేల సంకీర్తనలు చెప్పెనని ప్రతీతి. ఆయన మనుమడు చిన్నన్న వ్రాసిన ద్విపదచరిత్రమున మన సీమకు చెందిన ఘట్టమొకటి యున్నది. సాళువ నరసింహరాయలు పెనుగొండలో నుండగా, వేంకటేశునిపై చెప్పినట్టి పాట తనమీదను చెప్పుమని ఆచార్యుని కోరెనట. ఆయన చెవులు మూసికొని నరస్తుతి చేయనని పలికెను. రాజు సంకెల వేయించెను. పాట పాడగా సంకెల ఊడిపడెనని చరిత్ర చెప్పును. సంకెల సంగతి భక్తులు నమ్ముదురు, తక్కినవారు మానుదురు. రాజు ఎదుట కాదనిన మాట మాత్రము నమ్మదగినది.

అన్నమాచార్యుల పాటలలో తత్త్వముతోపాటు మన యింటి పాటలన్నియు నున్నవి. జోల, లాలి, సువ్వి, ఉయ్యాల, గొబ్బి, ఏల, చందమామ, కోలాటము వఱకు ఆయన విడిచినది లేదు. అట్లని శాస్త్రమెఱుగనివాడు కాడు. సంకీర్తనలక్షణమను గ్రంథమును సంస్కృతమున రచించినవాడు. అనగా ఆయనయందు మార్గదేశులు ఇంకను వేరుపడలేదు. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలమున ఈ పాటలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములో ఒక అరయందు భద్రపఱచిరి. రాగిరేకులనగా గ్రామలెక్కలు తెలిసినవారికి భూదానపు శాసనములు తలపునకు వచ్చును. రాజులు మాన్యమిచ్చినపుడు హద్దులు, పొలము, పుట్ల లెక్క చెక్కించుటకు రాగి. పాట కొఱకు ఇంత రాగి వెచ్చించిన వంశము మఱియొకటి కానరాదు. ఇంచుమించు 2,500 రేకులు; వానిపై పదమూడువేలకు దరిదాపు పాటలు.

పిదప ఆ యర మఱుగుపడినది. 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన కాంబెల్ దొర, తిరుపతిలో రాగిరేకులమీద తెలుగు వ్యాకరణమున్నదని విని ప్రతి తీయించి చూచి, ఉన్నవి స్తోత్రములేయని నిరాశచెందెను. వెదకినది దొరకలేదు గనుక దొరకినది విలువ లేనిదైనది. మఱి నూఱేండ్లు గడచిన తరువాత, 1922 ప్రాంతమున, దేవస్థానపు శాసనములను పరిశీలించుచున్న సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఈ రేకుల విలువను గుర్తించిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వానిని చదివి, పరిష్కరించి, అన్నమాచార్యుల చరిత్రమును వెలికిదెచ్చి, ఆంధ్రులకు కొత్త కవి నొకని కానుకగా నిచ్చిరి. ఆయన 1950 ఆగస్టులో దివంగతులైరి.

అప్పటికి శర్మగారు మైసూరు కొలువు ముగించి తిరుపతి చేరియుండిరి. ప్రభాకరశాస్త్రిగారి యనంతరము సంకీర్తనల సంపుటములను పరిష్కరించు భారము ఆయనపై పడినది. ఏబదియేడేండ్ల వయస్సు; కన్నులు, ఓపిక రెండును ఖర్చుపెట్టవలసిన పని. కాని ఆయన యొద్దనున్నది ప్రభాకరశాస్త్రిగారి యొద్ద లేనిది ఒకటి గలదు. పండితుడు రేకును చదువగలడు. గాయకుడు పాడగలడు. చదివి పాడగలవాడు ఆనాడు అరుదు.

చిక్కు ఎక్కడనగా, రేకుపై పల్లవియు చరణములు నున్నవి, తలపై రాగము పేరున్నది. స్వరము లేదు, తాళము చాలవఱకు లేదు. నాలుగువందల యేండ్లనాడు ఆ పాట ఎట్లు పాడిరో చెప్పు మనిషి లేడు. కొన్ని రాగముల పేర్లు చూడగా విద్వాంసులే తెల్లబోవుదురు. కొండమలహరి యట, తెలుగుకాంభోది యట, గుండక్రియ యట. గుండక్రియ పేరైన నేటికి మిగిలినది. కొండమలహరి కొండనే కలిసిపోయినది. పేరు మిగిలిన రాగములు సయితము నాటి రూపముననే యున్నవని చెప్పుటకు వీలులేదు. రాగము మనిషివలె పెరుగును, మారును. ముదిమిలోనున్నవానిని చూచి పసితనపు రూపము గీయుట ఎట్టిదో, ఇదియు అట్టిదే.

ఇచ్చట ఇద్దఱికి భయపడవలసియుండెను. లక్షణము తెలిసిన పండితులు, ఆధారము లేనిదే వరుస కట్టుట దొంగపత్రము పుట్టించుటయే యందురు. జనులో, తమ యింటి సువ్విపాటకు సంగతులు, స్వరకల్పనలు తగిలించి తమకు కాకుండ చేసిరని యందురు. ఊరకున్నచో నింద లేదు. కాని ఊరకున్నచో పాట అచ్చుపుస్తకముగా బీరువాలో నుండును. రాగిరేకు కాగితపు రేకగును, అంతే.

శర్మగారు పాటకు వరుస పాటలోననే వెదకిరి. చరణపాదములో గురులఘువులు ఎట్లు నడచుచున్నవి, యతి ఎక్కడ విశ్రమించుచున్నది, ప్రాస ఎక్కడ ఊపు తెచ్చుచున్నది, పల్లవిలోని మాట ఎక్కడ ఎత్తుకొని ఎక్కడ విడువవలెను అని చూచినచో, అది ఆదియో చాపో రూపకమో తానే చెప్పును. ఛందస్సు తెలియని గాయకునకు ఈ యుపాయము దొరకదు. రేకుమీది రాగము లోకమున నిలిచియున్నచో దానినే పట్టిరి. నిలువని చోట భావమునకు తగిన వేఱు రాగము కూర్చిరి. ఇట్లు నూటికి మించిన పాటలకు రాగతాళములు కూర్చి స్వరలిపితో ప్రకటింపజేసిరి. పదమూడువేలలో నూఱు ఎంతయని లెక్కలవారడుగుదురు. ఎండిన చెఱువులో మొదటి చెలమ త్రవ్వినవానిని చెఱువెందుకు నింపలేదని యడుగరు గదా.

ఆయన కట్టిన వరుసలలో మాట విఱుగకుండ నడచును. విద్వాంసులు పాడునపుడు నెరవులకు, సంగతులకు తావున్నను, పాట అర్థము వినువానికి తెలియక మునుపే రాగము దానిని మింగివేయదు. సంగీతసాహిత్యముల పొత్తును గూర్చి గానకళ యను గ్రంథమున ఆయన వ్రాసినదియు, తాను స్వయముగ కృతులు రచించినదియు ఈ దృష్టితోనే. త్యాగరాజస్వామి (1767–1847) ఒకచేత పెద్ద కృతులు, మఱియొకచేత భజనగోష్ఠికి తేలిక వరుసల దివ్యనామ, ఉత్సవసంప్రదాయ కీర్తనలు రచించినట్లే, ఈ రెండు త్రోవలను ఒక్కడే నడువవచ్చునని శర్మగారు ఎఱిగినవారు.

కచేరీలో ఈ పాటలకు చోటెక్కడ? అరియకుడి రామానుజయ్యంగారు (1890–1967) దిద్దిన నేటి కచేరీ పద్ధతిలో వర్ణము, కృతులు, నడుమ పెద్ద రాగము, కొసకు పదము, జావళి, భజన. కొసవానిని తుకడాలందురు. ఒకప్పుడు సభలో గౌరవముతో పాడిన క్షేత్రయ్య పదము సయితము ఆ కొసకే జరిగినది. అన్నమాచార్యుల పాటయు మొదట ఆ వరుసలోననే కూర్చున్నది. జనులు లేచిపోవు వేళ వడ్డించు వడ్డన అది. పిదప, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) వంటి విద్వాంసులు తామును వరుసలు కట్టి పాడినకొలది, ఆ పాట కచేరీ నడుమకు నడచి వచ్చినది. 1948 డిసెంబరు 1న వెలసిన విజయవాడ ఆకాశవాణి కేంద్రము భక్తిరంజనిలో తెల్లవారుజామున ఊరూర వినిపించినది. దేవస్థానము వారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొల్పిరి. 1980 ప్రాంతమున సుబ్బులక్ష్మిగారి గ్రామఫోను రికార్డులు వచ్చినవి. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు (1948–2025) వందలకొలది పాటలకు వరుసలు కట్టిరి. 1997లో అన్నమయ్య చలనచిత్రము వచ్చినపిదప, కొట్టములో పశువులను కట్టివేయువాడును ఆ పాట కూనిరాగము తీయుచున్నాడు.

మంచి చెడ్డ రెండును చెప్పవలెను. వేదికమీద సువ్విపాట పాడునపుడు రోకటిపోటు లేదు. రోకలి లేని సువ్వి, ఊయెల లేని లాలి చెవికి ఇంపుగా నున్నను ఒంటికి తగులవు. అటు పల్లె భజనలో ఆ పాట పాడునపుడు గమకము జారిపోవును, రాగము పేరు ఎవరికిని పట్టదు. ఇటీవల వాద్యముల మ్రోతలో మాటయే మునిగిపోవు వరుసలును వచ్చినవి. అవి అటు శాస్త్రము కావు, ఇటు జనుల పాటయు కావు, వాడుకకు మాత్రము సులభములు. ఇంకొక ముచ్చట: రోటికడ పాడిన మన ముత్తవ్వల పాటలలో రాగిరేకు కెక్కనివి ఎన్నియో. పిండిమరలు వచ్చి తిరుగలి మూలపడగానే అవియు మూలపడినవి. వానికొక పెదతిరుమలాచార్యుడు లేడు, రాళ్ళపల్లివారు లేరు.

శర్మగారు తుదిదినములలో బెంగుళూర నివసించిరి. 1974లో మదరాసు సంగీత విద్వత్సభవారు సంగీతకళానిధి బిరుదముతో గౌరవించిరి. తెలుగు పండితునిగా జీతము తీసికొని బ్రదికినవానికి గాయకుల సభలో ఆ పీఠము దక్కుట సామాన్యము కాదు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆస్థానవిద్వాంసునిగా నియమించి సత్కరించిరి. ఆ సత్కారము జరిగిన దినముననే, 1979 మార్చి 11వ తేదీన, ఎనుబదియాఱేండ్ల వయస్సున ఆయన పరమపదించిరి. ఆయన స్వరపఱచిన పాటల పుస్తకములు తిరుపతిలో ఇంకను అచ్చగుచున్నవి. మన జిల్లాలో శనివారము భజనకు చెక్కలు పట్టువారు వానిలోని పాటలను ఎత్తుకొనుచున్నారు.